శాఖా గ్రంథాలయంలో పేపర్లు తప్ప ఇంకేమైనా ఉంటాయా?

అమ్మా, మీరు అడిగింది చదివాను. హైదరాబాదు నుంచి కావలి పక్కన ఒక మండల కేంద్రానికి మారారు. పాప నాలుగో తరగతి, బాబు ఎనిమిదో తరగతి. మీరు గ్రూప్-2కి చదువుతున్నారు. మామగారు మంచి చదువరి కానీ ఇప్పుడు చూపు ఆనడం లేదు. ఊళ్లో ప్రభుత్వ గ్రంథాలయానికి వెళితే ఒకసారి తాళం కనబడింది, ఇంకోసారి పేపర్ల బల్ల చుట్టూ నలుగురు పెద్దవాళ్లు. "అసలు ఇక్కడ మాకు పనికొచ్చేది ఏమైనా ఉందా, పిల్లలకు కార్యక్రమాలు జరుగుతాయా, లేక వదిలేసుకోవాలా?" అన్నది మీ ప్రశ్న. నెల్లూరు, ప్రకాశం జిల్లాల శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి లోపలి సంగతులు కూడా కలిపి చెబుతాను.

ముందు ఆ తాళం సంగతి. మన గ్రంథాలయాలకు వారపు సెలవు ఆదివారం కాదు, మామూలుగా శుక్రవారం. శాఖలు రోజంతా తెరిచి ఉండవు. పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు. మధ్యాహ్నం మూసేస్తారు. చాలా ఊళ్లలో ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. ఇంకో కారణం కూడా ఉంటుంది. ఖాళీలు భర్తీ కాక ఒకే లైబ్రేరియన్‌కు రెండు ఊళ్లు అప్పగిస్తారు. పొద్దున ఇక్కడ ఉంటే సాయంత్రం అక్కడ ఉంటాడు. మీ ఊళ్లో పరిస్థితి అదేనా అని ఆ పేపర్ల బల్ల దగ్గరి పెద్దమనుషులను అడగండి. ఎప్పుడొస్తాడో, ఏ బీరువా తాళం ఎక్కడుంటుందో వాళ్లకు తెలిసినంతగా జిల్లా గ్రంథాలయ సంస్థ ఆఫీసుకు కూడా తెలియదు.

రెండోది, ఇది మీకెవరో దానంగా ఇస్తున్న సేవ కాదు. ఈసారి ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. గ్రంథాలయ సెస్సు అని ఒక వరుస ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అది ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు. 3,000 రూపాయలు పన్ను కట్టే ఇల్లు 240 రూపాయలు గ్రంథాలయానికి కడుతోందన్నమాట. మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, 1948లో, స్వతంత్రం వచ్చాక దేశంలోనే మొదటి గ్రంథాలయ చట్టం అక్కడ వచ్చింది. దాని వెనక ఉన్నవారు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో మన చట్టం వచ్చింది. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని కింద కేంద్ర గ్రంథాలయం, శాఖలు, గ్రామీణ గ్రంథాలయాలు, పుస్తక నిక్షిప్త కేంద్రాలు (చిన్న ఊళ్లలో కొన్ని పుస్తకాలు ఉంచే చోట్లు) ఆ ఏర్పాటులోవే. పన్ను వసూలు చేసేది మున్సిపాలిటీ లేదా పంచాయతీ, జమ చేయవలసింది సంస్థకు. ఆ జమ ఆలస్యమవుతూ బకాయిలు పడుతుంటాయి. కొత్త పుస్తకాలు ఎందుకు రావడం లేదని లైబ్రేరియన్‌ను నిలదీసేవాళ్లు చాలామంది ఉంటారు గానీ పంచాయతీకి వెళ్లి మా సెస్సు జమ అయిందా అని అడిగేవాళ్లు కనబడరు.

సభ్యత్వం పెద్ద తతంగమేమీ కాదు. దరఖాస్తు, ఫొటో, ఆధార్ కాపీ, తిరిగి ఇచ్చే డిపాజిట్, కొన్నిచోట్ల ఊళ్లో తెలిసినవాళ్ల జామీను సంతకం, అంతే. ఎంత కడితే ఎన్ని పుస్తకాలు ఇస్తారో అక్కడే చెబుతారు. డిపాజిట్ రసీదు పారేసుకోవద్దు, ఊరు మారేటప్పుడు డబ్బు వెనక్కి రావాలంటే అదే ఆధారం. పిల్లల పేర్ల మీద కూడా విడిగా తీసుకోండి. తన పేరున్న కార్డు చేతిలో ఉంటే పాప తనకు తానే లైబ్రరీకి బయలుదేరుతుంది.

ఇక అసలు సంగతి, పిల్లలు.

ప్రతి ఏడూ బడులు మూసిన కొద్దిరోజులకు గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతారు. జూన్‌లో బడి తెరిచేదాకా పొద్దున పూట జరుగుతాయి. నెల్లూరు ఎండలకు పదకొండు దాటాక పిల్లలను బయటికి పంపే మాటే లేదు కాబట్టి ఆ వేళ సరిగ్గా సరిపోతుంది. కథలు చదివించడం, చెప్పించడం, బొమ్మలు గీయించడం, కాగితంతో బొమ్మలు చేయించడం, క్విజ్, చదరంగం, క్యారమ్స్, స్పోకెన్ ఇంగ్లిష్ ఉంటాయి. డబ్బులేమీ కట్టనక్కరలేదు. ఇది ఒక్కో ఊళ్లో ఒక్కో రకంగా నడుస్తుంది. కొన్నిచోట్ల ప్రారంభం రోజున బ్యానరు, ఫొటోలు, బిస్కెట్లు అయ్యాక మూడోరోజుకు ఇద్దరు పిల్లలు మిగులుతారు. కొన్నిచోట్ల ఒక రిటైరైన టీచరమ్మ పూనుకుంటే నలభై మంది కూచోవడానికి చాపలు చాలవు. తేడా అంతా వచ్చి నిలబడే మనిషిలోనే ఉంది.

నా లెక్కలో ఈ శిబిరాల్లో అసలు ఫలితం ఇచ్చేది పైకి చదవడం, చదివినదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పడం. తల్లిదండ్రులు స్పోకెన్ ఇంగ్లిష్ అడుగుతారని సగం సమయం దానికే పోతుంది. నెలరోజుల్లో అది వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. మీ పాప ఇంగ్లీషు మీడియంలో చదువుతోంది, తెలుగు తడుముకుంటూ చదువుతుందన్నారు. ఒత్తుల దగ్గర ఆగిపోయే పిల్లల చేతికి నీతికథల లావుపాటి పుస్తకం ఇస్తే ఆ రోజుతో సరి. పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద బొమ్మలు ఉన్నవాటితో మొదలుపెట్టాలి. నేషనల్ బుక్ ట్రస్టు పిల్లల పుస్తకాలు మన శాఖల్లో చాలాచోట్ల ఉంటాయి. లేకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైటులో తెలుగు కథలు నాలుగు స్థాయిలుగా విడగొట్టి ఉచితంగా పెట్టారు, ప్రింటు తీసుకోవచ్చు. మొదటి స్థాయి కథలు పది ప్రింటు తీసి, కుట్టి, లైబ్రరీలో పెట్టండి. మీ పాపతో పాటు మిగతావాళ్లూ చదువుతారు.

పుస్తకాలున్నా బీరువాకు తాళం వేసి ఉంచుతారని మీరు విసుక్కోవచ్చు. దానికి కారణం చెబుతాను. స్టాకు వెరిఫికేషన్‌లో తగ్గిన పుస్తకాలకు లైబ్రేరియన్ జవాబు చెప్పుకోవాలి, ఒక్కోసారి ధర కూడా కట్టుకోవాలి. కొత్త బొమ్మల పుస్తకం పిల్లల చేతిలో చిరిగితే తన జేబుకు చిల్లు పడుతుందన్న టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. కాబట్టి "తాళం తీయండి" అని గట్టిగా అడిగే కన్నా, "పిల్లల పుస్తకాలు ఆదివారం పొద్దున గంటసేపు బల్ల మీద పరుద్దాం, నేను కూచుని చూసుకుంటా, పోయేటప్పుడు లెక్కపెట్టి ఇస్తా" అని చెప్పి చూడండి. నేను పనిచేసినన్నాళ్లూ అలా అడిగిన తల్లికి కాదని చెప్పలేదు, నాకు తెలిసిన తోటివాళ్లెవరూ చెప్పలేదు. ఆదివారం తెరిచే ఉంటుంది కాబట్టి పిల్లలకు కుదురుతుంది. 2020 నవంబరులో పాఠశాల విద్యాశాఖ "చదవడం మాకిష్టం" అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ పేరు చెబితే లైబ్రేరియన్‌కు వెంటనే అర్థమవుతుంది, రిజిస్టరులో రాసుకోవడానికీ వీలుంటుంది. ప్రభుత్వ కార్యాలయంలో కొత్త పనికి పాత పేరు ఒకటి దొరికితే సగం అడ్డంకులు తొలగిపోతాయి.

బాబు ఫోను వదలడం లేదన్నారు. ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి బాలల కథల దగ్గర కూచోబెడితే రెండోరోజు రాడు. మన శాఖల్లో ఒక విచిత్రం ఉంది. కలకత్తాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్, 1972లో పెట్టినది, దేశమంతటా పౌర గ్రంథాలయాలకు పుస్తకాలు ఇస్తుంది. ఎంపిక పైస్థాయిలో జరుగుతుంది కాబట్టి మన మండలంలో ఎవరూ ముట్టని మంచి ఇంగ్లీషు పుస్తకాలు, అంతరిక్షం మీద, జంతువుల మీద, ఎన్‌సైక్లోపీడియాలు, అట్టకూడా నలగకుండా పై అరలో కూచుని ఉంటాయి. బాబును ఆ పై అర దగ్గరికి తీసుకెళ్లండి. నిచ్చెన అడగండి, కింద నుంచి చూస్తే వెన్నుల మీది పేర్లు కనబడవు. వెన్ను మీది అంకెలు డ్యూయీ పద్ధతివి, అంటే పుస్తకాలను విషయాలవారీగా అంకెలతో విడగొట్టే పద్ధతి. 500 మొదలుకొని సైన్సు, 796 ఆటలు, 894.827 తెలుగు సాహిత్యం. వరుస తప్పి ఉంటాయి, అది మాత్రం ముందే మనసులో పెట్టుకోండి.

మీ గ్రూప్-2 విషయానికి వస్తే, శాఖలో అంచనాలు తగ్గించుకోవాలి. తెలుగు అకాడమీ పుస్తకాలు, యోజన తెలుగు మాసపత్రిక, ఎంప్లాయ్‌మెంట్ న్యూస్, ఒకటి రెండు పోటీపరీక్షల పత్రికలు, దినపత్రికల పాత కట్టలు దొరుకుతాయి. వీటిని తీసుకునే ముందు ముద్రణ సంవత్సరం చూడండి. 2022 ఏప్రిల్ 4కు ముందు అచ్చయిన ఆంధ్రప్రదేశ్ భూగోళం పుస్తకంలో జిల్లాలు 13 అనే ఉంటాయి. 2014కు ముందుదైతే ఇక చెప్పనక్కరలేదు, హైదరాబాదు, సింగరేణి అన్నీ మనవే. చరిత్రకు, సాహిత్యానికి పాతవి పనికొస్తాయి. ఆర్థిక వ్యవస్థకు, పాలిటీకి, జిల్లాల లెక్కలకు పనికిరావు. ఆ అంశాలకు రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే నెట్‌లో దించుకోవడం మేలు, ప్రభుత్వమే ఏటా పెడుతుంది.

చదువుకునే చోటు కోసమైతే నెల్లూరులోనో ఒంగోలులోనో కేంద్ర గ్రంథాలయం వేరే లోకం. అక్కడ పోటీపరీక్షల పిల్లలు పొద్దున తలుపు తీసే వేళకే వచ్చి కుర్చీ పట్టుకుంటారు, మధ్యాహ్నానికి ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ తిని మళ్లీ కూచుంటారు. రెఫరెన్స్ పుస్తకాలు ఇంటికి ఇవ్వరు, అక్కడే చదువుకోవాలి. ఆడవాళ్లకు విడిగా చోటు ఉందా, మంచినీళ్లు, బాత్‌రూము ఎలా ఉన్నాయి అన్నవి వెళ్లేముందు ఎవరినైనా అడిగి తెలుసుకోండి. ఇద్దరు పిల్లలతో రోజూ కావలి పక్క నుంచి నెల్లూరు వెళ్లిరావడం మీకు అయ్యే పని కాదు. నెలకోసారి వెళ్లి కావలసిన పుస్తకాల పేర్లు, ప్రచురణకర్త, సంవత్సరం రాసుకొచ్చి మీ శాఖ ద్వారా అడగడం మంచి మార్గం. కేంద్రంలో ఉన్న పుస్తకాన్ని శాఖకు పంపమని లైబ్రేరియన్ అడగవచ్చు. ఎవరూ కోరరు కాబట్టి ఎవరూ పంపరు.

మామగారికి మాత్రం నేను చెప్పగలిగింది చాలా ఉంది.

ఆయన కాలు బాగుంటే ఒకసారి వేటపాలెం తీసుకెళ్లండి. 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. అక్కడి సారస్వత నికేతనం అనే గ్రంథాలయం 1918లో మొదలైంది. 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక లాంటి పాత పత్రికల సంపుటాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. తెలుగు పత్రికల మీద పరిశోధన చేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. ఇంటికి తెచ్చుకునే పుస్తకాల కోసం కాదు, కూచుని తిరగేయడానికి. వెళ్లేముందు తెరిచి ఉంటుందా, ఏ సంపుటాలు చూపిస్తారు అని కనుక్కుని బయలుదేరండి. కావలి నుంచి రైలు సుళువు, గూడూరు, విజయవాడ లైనులోనే వేటపాలెం స్టేషను. ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు అక్కడ ఆగవు, చీరాలలో దిగి వెనక్కి ఆటోలో రావాలి. అంత దూరం వద్దనుకుంటే నెల్లూరు పురమందిరం దగ్గర వర్ధమాన సమాజం అనే పాత సాహిత్య సంస్థ ఉంది. ఆ తరంవాళ్లకు దాని పేరు చెబితే చాలు, ఎవరెవరి ఉపన్యాసాలు విన్నారో చెప్పుకొస్తారు.

చూపు ఆననప్పుడు అచ్చు పుస్తకంతో కుస్తీ పట్టడం కన్నా ఫోనో ట్యాబో మేలు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో వేలకొద్దీ పాత తెలుగు పుస్తకాలున్నాయి గానీ అవి పేజీల ఫొటోలు. పెద్దవి చేస్తే వాక్యం తెర దాటిపోతుంది, వేలితో అటూ ఇటూ జరపలేక ముసలివాళ్లు విసిగిపోతారు. తెలుగు వికీసోర్స్‌లో ఉన్నవి టైపు చేసినవి. అక్షరం ఎంత పెద్దది చేసినా వాక్యం దానంతట అదే సర్దుకుంటుంది, ఫోనే పైకి చదివి వినిపిస్తుంది కూడా. గొంతు కాస్త యంత్రంలా ఉంటుంది, పద్యం దగ్గర తుంచేస్తుంది, వచనానికి పరవాలేదు. రచయిత పోయిన తరువాత 60 ఏళ్లు దాటిన రచనలకు మన దేశంలో కాపీరైటు ఉండదు, అందుకే అక్కడ పాతతరం రచనలే ఎక్కువ. మామగారికి కావలసినవీ అవే అయి ఉంటాయి. నెల్లూరు నుంచి వచ్చే జమీన్ రైతు వారపత్రిక పాత సంచికలు కూడా చాలా స్కాను చేసి నెట్‌లో పెట్టారు. తమ యవ్వనంలోని ఊరి రాజకీయాలు మళ్లీ చదవడమంటే ఆ వయసువాళ్లకు భలే ఇష్టం. అర్థం తెలియని మాట తగిలితే నెట్‌లోని ఆంధ్రభారతి నిఘంటువులో వెతకవచ్చు.

చూపు బాగా తగ్గి డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చే స్థితి అయితే సుగమ్య పుస్తకాలయం ఉంది. అచ్చు చదవలేనివాళ్ల కోసం 2016లో ప్రారంభించిన ఆన్‌లైన్ గ్రంథాలయం. వినే రూపంలో, బ్రెయిలీ రూపంలో పుస్తకాలుంటాయి. అర్హత కాగితం చూపించి సభ్యత్వం తీసుకోవాలి. శుక్లాల ఆపరేషన్‌తో సరిపోయే చూపైతే ముందు ఆ పని కానివ్వండి.

పిల్లలకూ, మీకూ కూడా రెండు ఉచిత సైట్లు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ పాఠాలకు, పరీక్షలకు పనికొస్తుంది. నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ల రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ పిల్లల కథలకు, ఇతర పుస్తకాలకు. రెండోదానిలో తెలుగు పుస్తకాలూ ఉంటాయి. అయితే ఫోను వదలని బాబుకు ఫోనులోనే పుస్తకమంటే ఎంతసేపు నిలుస్తాడో మీకే తెలియాలి.

కార్యక్రమాలు ఎప్పుడుంటాయని అడిగారు. వేసవి శిబిరం కాక పెద్దది నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. 1919లో అదే నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది, ఆంధ్రలో గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనిక అది. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, పాటలు, ఆడవాళ్లకు ముగ్గుల పోటీలు ఉంటాయి. ప్రసంగాలు కొంచెం ఎక్కువే. నా సలహా అడిగితే, పోటీల కన్నా ఆ వారంలో పెట్టే పుస్తక ప్రదర్శన ముఖ్యం. ఏడాదంతా బీరువాల్లో ఉండే పుస్తకాలు బల్లల మీదికి వచ్చేది అప్పుడే. మీ ఊరి గ్రంథాలయంలో నిజంగా ఏమున్నాయో ఒక పూటలో తెలిసిపోతుంది. నోటుబుక్కు తీసుకెళ్లి నచ్చినవాటి పేర్లు, లోపలి యాక్సెషన్ నంబర్లు (గ్రంథాలయం ఒక్కో పుస్తకానికి ఇచ్చే వరుస నంబర్లు) రాసుకోండి. తరువాత నంబరు చెప్పి అడిగితే "లేదండీ" అనే మాట రాదు. రంగనాథన్ గారి జయంతి ఆగస్టు 12న, తెలుగు భాషా దినోత్సవం ఆగస్టు 29న కూడా ఏదో ఒకటి జరుగుతుంది, చిన్నగానే.

వీటన్నిటికీ మించి మీలాంటివాళ్లు చేయగలిగింది ఇంకొకటుంది. ప్రతి గ్రంథాలయంలో పాఠకుల సూచనల పుస్తకం ఉంటుంది. అడిగితే ఇస్తారు. దుమ్ము దులిపి ఇస్తారేమో గానీ ఇస్తారు. తనిఖీకి వచ్చే అధికారి మొదట తిరగేసేవి హాజరు పట్టీ, ఇష్యూ రిజిస్టరు, ఈ పుస్తకం. సాయంత్రం చీకటి పడేలోపు ఎంతమంది వచ్చారు, ఎన్ని పుస్తకాలు బయటికి వెళ్లాయి అన్న అంకెల మీదే ఆ శాఖకు పత్రికలు, ఫర్నిచరు అడగడానికి లైబ్రేరియన్‌కు నోరు లేస్తుంది. కాబట్టి లోపలికి వెళ్లినప్పుడల్లా, ఐదు నిమిషాలు కూచున్నా, మీరూ పిల్లలూ విడివిడిగా సంతకాలు పెట్టండి. చాలామంది పెట్టరు. ఆ ఖాళీ గీతలు చూపించే పైవాళ్లు "మీ ఊళ్లో ఎవరూ రావడం లేదుగా" అంటారు.

సూచనల పుస్తకంలో "మంచి పుస్తకాలు తెప్పించండి" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, ధర రాయండి. పిల్లల పుస్తకాలు ఐదు, పరీక్షల పుస్తకాలు మూడు, అంతకు మించొద్దు. ఆరు నెలలకు ఒక్కటి వచ్చినా వచ్చినట్టే. ఇంకా కావాలంటే, ఆదివారం కథల గంటకు అనుమతి, పిల్లల పుస్తకాలు కేంద్ర గ్రంథాలయం నుంచి పంపడం, వేళలు బోర్డు మీద రాయించడం, ఈ మూడూ ఒకే కాగితం మీద పెట్టి జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి అర్జీ రాయండి. వీధిలో పదిమంది తల్లిదండ్రుల సంతకాలు, చిరునామాలు ఉండాలి. ముందు లైబ్రేరియన్‌కు చూపించండి, ఆయన మీద ఫిర్యాదు అనుకుంటే పని చెడుతుంది. "మా శాఖకు ఇది కావాలి" అన్నట్టు రాస్తే ఆయనే పై కాగితం జతచేసి పంపుతాడు. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని దాచుకోండి. నెల తరువాత నెల్లూరు వెళ్లినప్పుడు ఆ కాపీ చూపించి ఏమైందని అడగవచ్చు.